గంజి కోటు, ఇరవై రెండు మెట్లు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు బస్సు ఎక్కాలి, తొమ్మిదింటికల్లా ల్యాబులో ఉండాలి, మధ్యాహ్నం మూడింటికి వచ్చే కమిటీ ముందు ఒక శుభ్రమైన గ్రాఫు పెట్టాలి. ఆ గ్రాఫు కమిటీకి నచ్చిందా, మూడేళ్ళుగా ఆరేసి నెలల చొప్పున పొడిగిస్తూ వచ్చిన ఆమె తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. నచ్చలేదా, నెలాఖరుకి సర్దుకుని ఇంటికి రావడమే. మధ్యే మార్గం లేదని ఆఫీసు వాళ్ళు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు.

పడకగది తలుపు తీసేసరికి హాలు మధ్యలో ఎవరో తెల్లగా, తల లేకుండా, రెండు చేతులూ కాస్త పక్కకు చాచి నిలబడి ఉన్నారు. కోడలు కెవ్వుమంది.

"భయపడకమ్మా, నీ కోటే!" అంటూ దాని వెనక నుంచి మామగారు తొంగిచూశారు. "హ్యాంగరు లేదు, కర్ర లేదు. దానంతటదే నిలబడింది, చూశావా?"

మామగారు నలభై ఏళ్ళు లాండ్రీ నడిపిన మనిషి. మోకాళ్ళు మొరాయించడంతో ఎనిమిది నెలల కిందట దుకాణం మూసేశారు. గంజి కాచే పెద్ద గుండిగనూ, కొడుక్కి కూడా చెప్పని గంజి రహస్యాన్నీ తన ఏకైక శిష్యుడి చేతిలో పెట్టారు. ఆ శిష్యుడు వాటిని పట్టుకుని పక్క ఊళ్ళో కొట్టు తెరిచాడు. అప్పటినుంచి మామగారికి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయేవాళ్ళ నలిగిన చొక్కాలు చూసి నిట్టూర్చడమే పని. అలాంటి మనిషి, కోడలికి పెద్ద పరీక్ష అని చెవిన పడగానే లేచారు. గంజి కాచారు, రెండు రోజులు పులియబెట్టారు, కోటును అందులో ముమ్మారు ముంచారు, ఆపైన ఇస్త్రీపెట్టె తీసుకుని దాని అంతు చూశారు.

"మామయ్యా, ఇంత గంజి..." అంది కోడలు.

"తక్కువైందా?" ఆయన మొహం చిన్నబోయింది.

ఎనిమిది నెలల తర్వాత వెలిగిన మొహం అది. దాన్ని ఆర్పడం కోడలి వల్ల కాలేదు. "అబ్బే, లేదు లేదు. సరిగ్గా సరిపోయింది," అంది.

తీరా తొడుక్కోబోతే కోటు చేతులు అంటుకుపోయి ఉన్నాయి. మామగారు ఒక చెయ్యీ, మొగుడు ఒక చెయ్యీ పట్టుకుని చెరో వైపు లాగితే గానీ దారి ఇవ్వలేదు. పోనీ మడిచి సంచిలో పెట్టుకుందామంటే, "మడిస్తే గంజి విరిగిపోదూ?" అని మామగారు విలవిల్లాడారు. కాబట్టి వేసుకునే బయల్దేరింది. ఈ తతంగంలో ఏడున్నర బస్సు వెళ్ళిపోయింది. ఎనిమిదింపావు బస్సులో సీటు దొరికింది గానీ, కోటు నడుము దగ్గర వంగనంది. కోడలు గంటసేపు నిలబడే ప్రయాణం చేసింది. చెయ్యెత్తి కమ్మీ పట్టుకున్నప్పుడల్లా కోటు అప్పడంలా చప్పుడు చేసింది. కాలరు అంచు మెడను గీరడం అప్పుడే మొదలైంది.

ఇంతకీ కోడలు చేసే పనేమిటంటే, తూకం. మన రక్తంలో ప్రోటీన్లు ఉంటాయి కదా, వాటిలో చాలావాటికి చిన్న చిన్న చక్కెర గుత్తులు వేలాడుతుంటాయి. ఒంట్లో జబ్బు ఉంటే ఆ గుత్తుల వాటం మారుతుంది. కోడలు ఆ గుత్తులను ఒక ఎంజైముతో తుంచి, శుభ్రం చేసి, మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రానికి ఇస్తుంది. అది ఒక్కో ముక్కనూ తూచి తెర మీద గీతలుగా నిలబెడుతుంది. గీతకూ గీతకూ మధ్య ఎడం చూసి, ఏ చక్కెర తర్వాత ఏ చక్కెర ఉందో కోడలు చెబుతుంది. యంత్రం మహా చురుకైనది. మంచిదే, కానీ పక్కింటావిడ లాంటిది. నువ్వు చూపించినదాన్నే కాదు, దాచిందాన్ని కూడా పట్టుకుని ఊరంతా చెబుతుంది.

అందుకే ఆ ల్యాబులో ఒక నియమం ఉంది. నమూనా పెట్టే ముందు ఉత్త నీళ్ళు పెట్టి చూడాలి. దాన్ని ఖాళీ పరుగు అంటారు. కూరగాయలు తూచే ముందు తక్కెడ ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం అన్నమాట. మూడేళ్ళలో కోడలు ఒక్కనాడూ ఖాళీ పరుగు మానలేదు. కానీ ఒక్కో పరుగుకి ముప్పావు గంట పడుతుంది, ఆమె వచ్చేసరికే తొమ్మిదిన్నర అయింది.

"ఖాళీ పెట్టవా అమ్మాయ్?" అని యంత్రాన్ని చూసుకునే బాబాయ్ అడిగాడు. ఆయనకు యంత్రమంటే సొంత బిడ్డ. పేరుపెట్టి పిలవడం ఒక్కటే తక్కువ.

"ఒక్కరోజే కదా బాబాయ్," అంది కోడలు, చెయ్యి చాచి చిన్న సీసాలో నమూనా పోస్తూ. కోటు చేతి అంచు, కఫ్, కరకరలాడింది.

పదింపావుకి గ్రాఫు వచ్చింది. దాన్ని చూసి కోడలికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ప్రోటీను మీది చక్కెర గుత్తికి కొమ్మలుంటాయి. అందులో రకరకాల చక్కెరలు ఉంటాయి కాబట్టి గీతల మధ్య ఎడాలు కూడా రకరకాలుగా ఉంటాయి. ఇక్కడేమో నిచ్చెన! ప్రతి మెట్టుకీ సరిగ్గా నూట అరవై రెండు ఎడం, ఒక్క చక్కెర తూకమంత. ఒకటే చక్కెర, దాని వెనక అదే చక్కెర, మళ్ళీ అదే చక్కెర. లెక్కపెడితే ఇరవై రెండు మెట్లు. రక్తంలోని ఏ ప్రోటీనుకీ ఇంత పొడవు తోక ఉండదు.

"ఏమిటిది?" అని భుజం వెనక నుంచి ప్రొఫెసర్ గారి గొంతు వినబడింది.

ప్రొఫెసర్ గారు మంచివారు. ఆశ ఎక్కువ, అంతే. ఆయన ముప్పై ఏళ్ళుగా ఏదో ఒకటి కనిపెట్టేయబోతున్నారు. తెరకు ముక్కు ఆనించి మెట్లన్నీ లెక్కపెట్టారు. కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి.

"సార్, ఇది ఏదో కలిసిపోయి..."

"కలిసిందమ్మా, కలిసొచ్చింది! ఇన్నాళ్ళకి!" ఆయన అప్పటికే తలుపు దగ్గరున్నారు. "నువ్వు దాన్ని ముట్టుకోకు!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వరండా దాటేలోపే ప్రొఫెసర్ గారు దానికి 'మహా నిచ్చెన' అని పేరు పెట్టేశారు. మెట్లు దిగేలోపు డైరెక్టర్ గారికి చెప్పారు. డైరెక్టర్ గారు కమిటీ పెద్దావిడకు ఫోన్ చేశారు. ఆవిడ కఠినమైన మనిషని, నవ్వడం ఎవరూ చూడలేదని వాడుక. ఆవిడ ఫోనులో, "ఎంత ఎడం అన్నారు? నూట అరవై రెండా? నేను ఒంటరిగా రాను, మా బృందాన్ని తీసుకొస్తాను," అన్నారట. దాంతో డైరెక్టర్ గారు ప్రచారం చూసే ఉద్యోగిని పిలిచి బ్యానరు రాయమన్నారు. అతను ఇద్దరు విలేకరులను పిలిచి, బేకరీకి ఫోన్ చేసి నిచ్చెన ఆకారంలో కేకు కావాలన్నాడు.

ఇవేవీ తెలియని కోడలు ఉత్త నీళ్ళు పెట్టింది. పొద్దున పెట్టాల్సిన ఖాళీ పరుగు అది. పదకొండున్నరకు ఉత్త నీళ్ళలో నిచ్చెన వచ్చింది. ఇరవై రెండు మెట్లు, ఒక్కటి తగ్గలేదు.

పరుగున వెళ్ళి ప్రొఫెసర్ గారికి చెప్పింది. "సార్, నీళ్ళలో కూడా వచ్చింది!"

"ఇందాకటి నమూనా గొట్టాల్లో మిగిలి ఉంటుంది. కడుగు," అన్నారాయన. ఆయన మెడకు టై కట్టుకుంటున్నారు, విలేకరుల కోసం.

కడిగింది. గ్లవుజులు మార్చింది, నీళ్ళ సీసా మార్చింది, బల్లంతా చేతులు చాచి చాచి తుడిచింది, గొట్టాలు విప్పి దులిపి బిగించింది. పన్నెండున్నరకు మళ్ళీ నీళ్ళు పెడితే నిచ్చెన ఇంకా ఎత్తుగా వచ్చింది. ఇంకా గట్టిగా తుడిచింది. నిచ్చెన ఇంకా ఎదిగింది.

"ఇదేం విచిత్రం బాబాయ్? శుభ్రం చేసేకొద్దీ పెరుగుతోంది!"

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోను.

"కాలరు నిలబడే ఉందా అమ్మా?" అన్నారు మామగారు.

"నిలబడే ఉంది మామయ్యా. నా మెడే వంగిపోతోంది."

"గంజి అంటే అదీ!" అని సంతోషంగా పెట్టేశారు.

బాబాయ్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఒక మాట. ఎవరితో అనకు. నేను రోజూ ఈ యంత్రం వెనకాల కూర్చుని రెండు బిస్కెట్లు తింటాను. క్రీము బిస్కెట్లు. నా మూలంగానే దానికి చక్కెర పట్టిందంటావా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ల్యాబులో తిండి నిషేధం. గోడ మీద బోర్డు కూడా ఉంది, ఆ బోర్డు పెట్టింది బాబాయే. కోడలికి ఒక దారి దొరికినట్టయింది. వెంటనే ఒక కాగితం మీద, "నమూనాల్లో చక్కెర బయటపడింది. కారకులు దయచేసి మూడు గంటల లోపు చెప్పగలరు" అని రాసి తలుపుకి అతికించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పది నిమిషాల్లో వరుస కట్టారు. వాచ్‌మన్ వచ్చి, తాను లోపల సింకులో టీ గ్లాసు కడుగుతున్నానని ఒప్పుకున్నాడు. లైబ్రరీ చూసే ఆవిడకు ల్యాబుతో సంబంధమే లేదు. అయినా వచ్చి తన పర్సులోని పిప్పరమెంట్లన్నీ బల్ల మీద పోసి, క్షమించమంది. చివరికి టై కట్టుకుని సాక్షాత్తూ ప్రొఫెసర్ గారే వచ్చారు. అటూ ఇటూ చూసి, నమూనాలు దాచే డీప్ ఫ్రీజరు తెరిచి, 'ప్రమాదం, తాకరాదు' అని రాసిన పెట్టెను బయటికి తీశారు. నిండా చాక్లెట్లు!

"డాక్టరు మానెయ్యమన్నాడమ్మా," అన్నారు నేల చూపులు చూస్తూ. "ఇంట్లో మీ మేడమ్ అలమరాలు వెతుకుతుంది. ఇక్కడైతే మైనస్ ఎనభై డిగ్రీల చలిలో ఎవరు వెతుకుతారని."

"మూడేళ్ళుగా ఆ పెట్టె పక్కన చెయ్యి పెట్టాలంటే నాకు ఒణుకు వచ్చేది సార్!" అంది కోడలు.

చక్కెర ఎక్కడెక్కడ ఉందో తెలిసింది గానీ, నిచ్చెన ఎక్కడిదో తెలియలేదు. బిస్కెట్లూ చాక్లెట్లూ ఒకటీ రెండు చక్కెరలే ఇస్తాయి. ఇరవై రెండు మెట్లు కట్టవు. పావుతక్కువ మూడయింది. బయట కార్లు ఆగాయి. ఉద్యోగం పోయినట్టేనని కోడలికి తెలిసిపోయింది. స్టూలు మీద కూలబడబోయింది. కోటు అందుకు కూడా ఒప్పుకోలేదు.

"మెడ మీద రక్తం అమ్మాయ్!" అన్నాడు బాబాయ్. "ఈ కాలరా, కత్తా? ఉండు." ప్రథమ చికిత్స పెట్టెలోంచి టింక్చర్ అయోడిన్ తీసి దూది ముంచి అద్దాడు. మండి కోడలు "అబ్బా!" అని తల విదిల్చింది. దూది జారి కాలరు మీద పడింది.

"అయ్యయ్యో, తెల్ల కోటు!" అన్నాడు బాబాయ్. "ఇదేంటి, టింక్చర్ ఎర్రగా కదా ఉంటుంది? ఇలా నీలంగా అయిందే!"

కోడలు కాలరు లాగి చూసుకుంది. నేరేడుపండు రంగు మచ్చ. స్కూల్లో ఏడో తరగతి పిల్లలు బంగాళాదుంప ముక్క మీద చేసే పరీక్ష అది. పిండిపదార్థం ఉంటే అయోడిన్ నీలంగా మారుతుంది. పిండి అంటే ఏమిటి? ఒకటే చక్కెర, దాని వెనక అదే చక్కెర, మళ్ళీ అదే చక్కెర. రెండు రోజులు పులిస్తే పొడవాటి గొలుసులు తెగి పొట్టి ముక్కలవుతాయి. చెయ్యి చాచినప్పుడల్లా కఫ్ నుంచి కంటికి కనబడని పొడి రాలుతుంది. తుడిచేకొద్దీ ఇంకా రాలుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పొద్దుటి నుంచి కోడలు నిచ్చెనను ఒంటి మీద వేసుకుని దాని కోసం ల్యాబంతా వెతికింది!

ఆమెకు ముందు నవ్వు వచ్చింది. వెంటనే మామగారి మొహం గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. ఇప్పుడు నలుగురిలో నిలబడి "తప్పు మా మామగారి గంజిది" అని ఎలా చెప్పడం? చెప్పకపోతే ఆ బ్యానరూ, ఆ విలేకరులూ, రేపు పేపర్లో మహా నిచ్చెనా. చెబితే ఉద్యోగమూ పోతుంది, ఇంట్లో ఆ పెద్దాయన మొహమూ వాడిపోతుంది. ఆలోచించడానికి వ్యవధి లేకుండా డైరెక్టర్ గారు వచ్చి, "రామ్మా, అందరూ నీకోసమే!" అని తీసుకుపోయారు. కోడలు టింక్చర్ సీసా చేత్తో పట్టుకునే వెళ్ళింది.

సమావేశం గదిలో బల్ల చివర కమిటీ పెద్దావిడ కూర్చుని ఉంది. వెనకాల ఆవిడ బృందం ఆరుగురు, అందరూ మెడలు నిటారుగా పెట్టుకుని ఉన్నారు. ప్రొఫెసర్ గారు మహా నిచ్చెన గ్రాఫును తెర మీద వేశారు. పెద్దావిడ సంచిలోంచి ఒక గ్రాఫు తీసి బల్ల మీద పరిచింది. అదే నిచ్చెన. అదే ఎడం. కాకపోతే పంతొమ్మిది మెట్లు.

"ఎనిమిది నెలలుగా మేము ఏడుగురం దీని వెనకే తిరుగుతున్నాం," అంది పెద్దావిడ. "మేమొక్కళ్ళమే చూశామనుకున్నాం. మీ దగ్గరా వచ్చిందంటే ఇది నిజమే."

ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచారు. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. విలేకరులు కలాలు తీశారు. తలుపు దగ్గర కేకు పట్టుకున్న అతను లోపలికి ఒక అడుగు వేశాడు.

ఎనిమిది నెలలు! కోడలి చూపు గ్రాఫు మీంచి పెద్దావిడ కోటు మీదికి పోయింది. ఆ కాలరు కత్తిలా ఉంది. వెనక ఆరు కాలర్లూ అలాగే ఉన్నాయి.

"మేడమ్," అంది కోడలు. "అడగొచ్చో లేదో గానీ... మీ ల్యాబు దగ్గర ఎనిమిది నెలల కిందట కొత్తగా లాండ్రీ తెరిచారా?"

పెద్దావిడ కళ్ళద్దాలు తీసింది. "ఎదురుగానే. చాలా బాగా ఉతుకుతాడు. అది నీకెలా తెలుసు?"

"మీ కఫ్ మీద ఒక్క చుక్క వేయనిస్తారా?"

వేసింది. నేరేడుపండు రంగు.

ఇక దాచేదేముందని కోడలు మొదటి నుంచీ చెప్పేసింది. హాల్లో నిలబడ్డ కోటు, తప్పిన బస్సు, మామగారి గంజి, పక్క ఊరి శిష్యుడు, తుడిచేకొద్దీ పెరిగిన నిచ్చెన, అన్నీ. "ఇది కొత్త చక్కెర కాదండీ. మా మామయ్య రెండు రోజులు పులియబెట్టిన గంజి. ఆయన తప్పేమీ లేదు. ఆయన కోటు ఇచ్చారు, ల్యాబులోకి తెచ్చింది నేను. ఖాళీ పరుగు పెట్టకుండా నమూనా పెట్టిందీ నేనే. పెట్టి ఉంటే పదింపావుకే తెలిసేది."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎనిమిది నెలలు తవ్విన ఆరుగురూ ఒకరి కాలరు ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ తన నీలం కఫ్ వైపు చాలాసేపు చూసింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని డైరెక్టర్ గారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. ఏడవడం లేదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టుకుంది.

"వచ్చే వారం దీన్ని అచ్చుకి పంపబోతున్నాం!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా పరువు కాపాడావమ్మాయ్. ఎనిమిది నెలల్లో మేము కనిపెట్టలేనిది నువ్వు ఒక్క పూటలో కనిపెట్టావు. పైగా ఖాళీ పరుగు మానేశానని కమిటీ ముందు నోటితో చెప్పావు. ఇలాంటి మనిషిని నెలాఖరుకి పంపించేయడమేమిటి డైరెక్టర్ గారూ, మీకేమైనా మతి పోయిందా?"

డైరెక్టర్ గారు పోలేదన్నారు. అక్కడికక్కడే సంతకాలైపోయాయి. కేకును వరండాలో కోశారు. కింది మెట్టు ప్రొఫెసర్ గారికి ఇవ్వబోతే ఆయన బాబాయ్ కళ్ళలోకి చూసి, బుద్ధిగా వద్దన్నారు. ఆ మెట్టు బాబాయ్ తిన్నాడు, ఈసారి యంత్రానికి చాలా దూరంగా.

ఇక మిగిలింది ఇల్లు. కోడలు బెరుకుబెరుగ్గా మామగారి ఎదుట నిలబడి, జరిగింది చెప్పి, రెండు గ్రాఫులూ చూపించింది. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మనది ఎన్ని మెట్లు?"

"ఇరవై రెండు మామయ్యా."

"వాడిది?"

"పంతొమ్మిది."

"నేను చెప్పలా! వడకట్టడం దగ్గర తొందర పడతాడని!" మామగారు తొడ చరిచారు. "నలభై ఏళ్ళు జనం వేసుకు తిరిగారు గానీ, నా గంజి ఇలా ఉంటుందని ఒక్కడూ కొలిచి చూపించలేదమ్మా." ఆ గ్రాఫును ఫ్రేము కట్టించమని కొడుకుని అప్పుడే తరిమారు. కోడలికి సంతోషం పట్టలేక కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇకమీదట కోటుకి గంజి వద్దని మాత్రం ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

మూడో రోజున ఉద్యోగం ఆర్డరు ఇంటికి వచ్చింది. మామగారు దాన్ని రెండుసార్లు చదివి, వేళ్ళతో పట్టుకుని ఊపి చూసి, "రాత బాగానే ఉంది గానీ కాగితమే మరీ మెత్తగా ఉంది," అంటూ లోపలికి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున కోడలు లేచేసరికి ఆర్డరు హాల్లో బల్ల మీద దానంతటదే నిలబడి ఉంది.